డిఫరెన్షియల్‌లో ఆయిల్ ఎవరు పోశారు?

రవికుమార్ ఆయిల్ పోసే కన్నానికున్న ప్లగ్ విప్పగానే ఆయిల్ సన్నటి ధారగా అతని మణికట్టు మీదికి, అక్కణ్ణించి చొక్కా చేతిలోకి కారింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ట్రక్ కింద అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని, టార్చి వెలుగులో ఆ ధారకేసి చూస్తూ ఉండిపోయాడు. పక్కనే పడుకున్న జయంతికి గంధకం వాసన గుప్పుమని తగిలింది. అది గేర్ ఆయిల్ వాసన. అందులో సందేహం లేదు.

"ఇది ఖాళీగా ఉండాలి," అన్నాడు రవికుమార్ చివరికి. "గురువారం నేనే వేలు పెట్టి చూశాను. ఒక్క చుక్క లేదు."

జయంతి అతని చేతిలోంచి ప్లగ్ తీసుకుని మళ్ళీ బిగించింది.

ఇద్దరూ బయటికి జరిగి లేచి నిలబడ్డారు. డెట్రాయిట్‌కి గంట దూరంలో ఉన్న హోవెల్ ఊరి అంచున, దెబ్బతిన్న బళ్ళని లాక్కొచ్చి పెట్టే యార్డ్ అది. రేకుల షెడ్డులో, సమంగా ఉన్న సిమెంటు నేల మీద గోపీనాథ్ పికప్ ట్రక్ నిలబడి ఉంది. ముందు భాగం నుజ్జయింది. క్రితం మంగళవారం మధ్యాహ్నం అతను ఆఫీసు నుంచి బయల్దేరి లాన్సింగ్ వెళుతుండగా, హైవే మీద వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ట్రక్ గిర్రున తిరిగి వంతెన స్తంభానికి కొట్టుకుంది. ఆ సాయంత్రం గోపీనాథ్ హాస్పిటల్‌లో కన్నుమూశాడు.

వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉండే గేర్ల పెట్టెని డిఫరెన్షియల్ అంటారు. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచేది అదే. గోపీనాథ్ గ్రేట్ ఓక్ యాక్సిల్స్ కంపెనీ ల్యాబ్‌లో పదిహేనేళ్ళుగా ఆ పెట్టెల్నే పరీక్షిస్తున్న ఇంజనీరు. ఆ పెట్టే బిగుసుకుని అతన్ని చంపింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తెలుగువాళ్ళెవరికీ ఈ మాట మింగుడుపడలేదు. భార్య పద్మినికి అసలే పడలేదు. అందుకే ఆవిడ జయంతిని పిలిచింది.

జయంతి ఒకప్పుడు లోహాలని పరీక్షించే మెటలర్జిస్టు, అదీ మరో యాక్సిల్ ఫ్యాక్టరీలోనే. ఎనభైలో డెట్రాయిట్ ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డప్పుడు ఆమె ఉద్యోగమూ పోయింది. మరుసటి ఏడాది లైసెన్స్ తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అయింది. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున ప్రమాదాలు పరిశోధించే రవికుమార్‌తో తలపడటం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ అతనే గెలిచాడు.

"ఒక ప్రశ్న అడుగుతాను జయంతిగారూ," అన్నాడతను చెయ్యి తుడుచుకుంటూ. "గురువారం తర్వాత మీరిక్కడికి వచ్చారా?"

"ఎందుకు?"

"నేను చూసినప్పుడు ఆయిల్ లేదు. ఇవాళ నిండుగా ఉంది. ఆయిల్ లేకుండా బండి నడిపితే అది ఓనర్ తప్పు, ఇన్సూరెన్స్ రాదు. ఉంటే వస్తుంది. ఆ ఇంటివాళ్ళ తరఫున పనిచేస్తున్నది మీరు. యాక్సిల్ గురించి తెలిసినది కూడా మీరే. మీ లైసెన్స్ పోతుంది, తెలుసు కదా?"

జయంతికి ఒళ్ళు మండింది. అయినా అతని మాటలో తర్కం ఉంది. ఆ స్థానంలో తనున్నా అదే అడిగేది. గురువారం చూసిన సంగతి ఎవరెవరికి చెప్పారని మాత్రం అడిగింది. తన పై అధికారికి తప్ప ఎవరికీ చెప్పలేదన్నాడు. పోలీసులు బ్రేకులు చూసి వదిలేశారు, ప్లగ్ జోలికి పోలేదు. జయంతికి కూడా ఇవాళ పొద్దున, ఈ షెడ్డులో అడుగుపెట్టాకే చెప్పాడు.

"కవర్ విప్పుదాం. మీ కళ్ళ ముందే విప్పుతాను. తర్వాత నన్ను ఏమైనా అనండి."

కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి డిఫరెన్షియల్ వెనక మూత బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసింది. అతుకు చుట్టూ రాసిన సిలికాన్ పేస్టు కొత్తది. ఎక్కడా తెగలేదు. దాని మీద రోడ్డు దుమ్ము పల్చగా పట్టి ఉంది. అంటే ప్రమాదానికి కొద్దిరోజుల ముందు ఎవరో ఈ మూత తీసి మళ్ళీ బిగించారు. ఆ తర్వాత ఇదే మొదటిసారి విప్పడం.

పళ్ళెంలోకి దిగిన ఆయిల్ తేనె రంగులో ఉంది. ఇనుప ముక్కలు కొన్ని అడుక్కి దిగినా, కాస్తయినా నలుపు లేదు. డబ్బాలోంచి అప్పుడే పోసినట్టుంది. మూత తీసి టార్చి లోపలికి తిప్పేసరికి రవికుమార్ మరింత ముందుకి వంగాడు.

గేరు పళ్ళు నెమలి కంఠం రంగుకి తిరిగి ఉన్నాయి. కొన్ని విరిగాయి. లోపలి బేరింగ్ కరిగి తన గూటికే అతుక్కుపోయింది. ఉక్కుకి ఆ నీలం రంగు రావాలంటే ఎంత వేడి పుట్టాలో జయంతికి తెలుసు. అంత వేడిలో ఆయిల్ ఉంటే అది మాడి, తారులా గోడలకి పట్టి ఉండాలి. గోడలు శుభ్రంగా ఉన్నాయి.

"మీరు చూసింది నిజమే," అందామె. "ఇది పొడిగా కాలింది. ఈ ఆయిల్ తర్వాత పోసింది."

తను గెలిచానని రవికుమార్ అనలేదు. పోసిందెవరని మాత్రం అడిగాడు.

యార్డ్ చూసుకునే స్టాన్ అనే పెద్దాయన్ని పిలిచారు. గురువారం రవికుమార్ వెళ్ళాక ఇంకెవరైనా వచ్చారా అని అడిగితే, శనివారం గోపీనాథ్ కూతురు వచ్చిందన్నాడు. ఎవరో స్నేహితురాలు దింపి వెళ్ళిందట. తండ్రి వస్తువులు తీసుకుంటానంటే షెడ్డు తాళం తీశాడు. చాలాసేపు బయటికి రాలేదు. ఏడుస్తోందనుకుని తను లోపలికి వెళ్ళలేదు.

రవికుమార్, జయంతి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల పేరు విద్య. ఈ ఏడే యూనివర్సిటీలో చేరింది. జయంతి ఒళ్ళో కూర్చుని పప్పన్నం తిన్న పిల్ల.

ఆఫీసు గదిలోని ఫోన్ తీగ షెడ్డు దాకా వస్తుంది. జయంతి ఫోన్ చేసి, తల్లికి ఏమీ చెప్పకుండా ఒక్కసారి యార్డ్‌కి రమ్మంది. విద్య ఎందుకని అడగలేదు. సరేనంది.

ముప్పావుగంటకి బయట కారు ఆగింది. ఆ ప్రమాదం తర్వాత విద్య స్టీరింగ్ ముట్టుకోవడం లేదు. కారు నడుపుకొచ్చింది నరసింహం. గోపీనాథ్ ల్యాబ్‌కి ఆయనే పెద్ద, ఆ కుటుంబానికి పాతికేళ్ళ స్నేహితుడు. అంత్యక్రియల దగ్గర్నుంచి అన్నీ ఆయనే చూసుకుంటున్నాడు. అద్దం దించి జయంతికి నమస్కారం పెట్టి, తను కార్లోనే ఉంటానన్నాడు.

విద్య లోపలికి వచ్చి పక్క తలుపు దగ్గరగా వేసింది. జయంతినీ, రవికుమార్‌నీ చూడలేదు. నేల మీదున్న పళ్ళెం చూసింది.

"నేనే పోశాను, ఆంటీ."

"ఎప్పుడు?"

"శనివారం. స్టోర్‌లో కొన్నాను. ఇక్కడికి వచ్చి పోశాను."

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఆ ఆదివారం పోయలేదు." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. అదే జయంతిని భయపెట్టింది. "డాడీని నేనే చంపాను. ఐ కిల్డ్ హిమ్. అమ్మకి తెలియకూడదని పోశాను."

జయంతి ఒక స్టూలు లాగి ఆ పిల్లని కూర్చోబెట్టింది. మొదటినుంచీ చెప్పమంది.

విద్య ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పుకొచ్చింది. ప్రమాదానికి రెండు రోజుల ముందు, ఆదివారం, తండ్రి ఆమెని గరాజ్‌లోకి పిలిచాడు. డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం నేర్పుతాను రమ్మన్నాడు. ఎప్పుడెప్పుడు మార్చాలో పాఠంలా చెప్పాడు. మామూలుగా తిరిగే బండికి ముప్పై వేల మైళ్ళకొకసారి. వెనక ట్రైలర్ కట్టి బరువులు లాగితే అందులో సగానికే. ఇరుసు నీళ్ళలో మునిగితే ఆలస్యం లేకుండా. కొత్త బండికైతే మొదటిసారి ఇంకా తొందరగా, ఎందుకంటే కొత్త గేర్లు ఒకదాన్నొకటి అరగదీసుకుని రజను రాలుస్తాయి.

మంగళవారం లాన్సింగ్‌లో, కంపెనీ మీద నడుస్తున్న కేసులో, లాయర్ల ముందు ప్రమాణం చేసి చెప్పబోతున్నది కూడా ఇదేనన్నాడు. గుర్రాల ట్రైలర్ లాగుతూ ఒక రైతు కుటుంబం ఇలాగే చక్రాలు బిగుసుకుని చనిపోయింది. వాళ్ళ ట్రక్‌తో ఇచ్చిన పుస్తకంలో, ఈ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని ఉంది. ఆ మాట రాసింది గ్రేట్ ఓక్ కంపెనీ. అది తప్పని తన పరీక్షల్లో మూడుసార్లు తేలిందని గోపీనాథ్ చెప్పబోతున్నాడు. ఈ విషయం మీద, సాక్ష్యం చెప్పొద్దన్న నరసింహం అంకుల్‌కీ డాడీకీ తమ భోజనాల బల్ల దగ్గరే పెద్ద గొడవయిందట. తర్వాత ఇద్దరూ కలిసే పాయసం తాగారట.

"మూత నేనే విప్పాను," అంది విద్య. "పాత ఆయిల్ కింద పెట్టిన టబ్‌లోకి తీశాను. లోపల తుడిచాను. సిలికాన్ రాసి బోల్ట్స్ టైట్ చేశాను. డాడీ అన్నారు, అది ఆరాలి, వెంటనే పోయకూడదు, ఒక గంట ఆగాలి అని. అప్పుడు నా ఫ్రెండ్ కార్‌లో వచ్చింది. నేను వెళ్ళిపోయాను. కార్‌లోంచి అన్నాను, డాడీ, మీరు పోస్తారా అని. డాడీ చెయ్యి ఊపారు."

ఆమె తన చెయ్యి పైకెత్తి చూపించింది.

"అది ఓకే అనా, బై అనా నాకు తెలీదు ఆంటీ. రోజూ అదే ఆలోచిస్తున్నాను."

రవికుమార్ మెల్లగా అటు తిరిగి నిలబడ్డాడు. అతనికి కావలసిన సాక్ష్యం ఇంతకంటే స్పష్టంగా దొరకదు. ఆ సాక్ష్యం రాసుకోవడానికి అతని చెయ్యి జేబు దాకా పోలేదు.

జయంతి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. గోపీనాథ్ ముఖం కళ్ళ ముందు కదిలింది. సిలికాన్ ఆరేదాకా గంట ఆగమన్న మనిషి, ఆ గంట తర్వాత ఆయిల్ సంగతి మరిచిపోయాడా? కూతురు పోసిందనుకుని, ఒక్కసారైనా ప్లగ్ తీసి చూడకుండా హైవే ఎక్కాడా?

"ఆ రోజు పోయడానికి ఏ ఆయిల్ తెచ్చాడు నాన్న?"

"ల్యాబ్‌ది. పెద్ద బకెట్."

"రంగు చూశావా?"

"గ్రీన్. యాంటీఫ్రీజ్‌లాగా."

జయంతి చెయ్యి ఆగిపోయింది. ల్యాబ్‌లో పరీక్షకి వాడే ఆయిల్‌లో ఎక్కడ లీకైనా తెలియడానికి ఆకుపచ్చ రంగు కలుపుతారు. ఆమె పనిచేసిన ఫ్యాక్టరీలోనూ కలిపేవారు. పళ్ళెంలో ఉన్నది తేనె రంగు. అది శనివారం విద్య పోసింది.

"రవికుమార్, కుడి చక్రం దగ్గరికి రండి. ఇరుసు కడ్డీ బయటికి లాగాలి."

ఎందుకని అడగకుండానే అతను వచ్చాడు. చక్రం మధ్యలో ఉన్న బోల్టులు విప్పుతుంటే జయంతి చెప్పింది. ఈ రకం ట్రక్‌లో చక్రం దగ్గరి బేరింగ్‌కి కూడా డిఫరెన్షియల్ ఆయిలే అందుతుంది. గేర్లు తిరిగి ఆయిల్‌ని చిమ్మితేనే అది ఇరుసు గొట్టం వెంట అంత దూరం పోతుంది. ఆగి ఉన్న బండిలో, ఇలాంటి సమమైన నేల మీద ఎంత పోసినా చివరిదాకా చేరదు. ప్రమాదమైన సాయంత్రం నుంచి ఈ ట్రక్ అంగుళం కదల్లేదు. కాబట్టి చక్రం దగ్గర దొరికే ఆయిల్ బండి చివరిసారి నడిచినప్పటిది.

"పాత ఆయిలే దొరికితే?" అన్నాడు రవికుమార్.

"నల్లగా వస్తుంది. అప్పుడు ఈ పిల్ల చెప్పిందే నిజం."

విద్య లేచి నిలబడింది. రెండు చేతులూ తన చొక్కా అంచుని మెలిపెడుతున్నాయి. రవికుమార్ కడ్డీని పట్టుకుని బలంగా లాగాడు. మొదట రాలేదు. రెండోసారి ఒక్కసారిగా జారి వచ్చింది. బేరింగ్ లోంచి గరిటెడు ఆయిల్ అతని బూటు మీదా, నేల మీదా పడింది.

ఆకుపచ్చగా ఉంది. పాత ఆయిల్ నలుపు కాస్త కలిసి ముదురు రంగు తేలినా, ఆకుపచ్చే.

"నాన్న పోశాడమ్మా," అంది జయంతి. "నువ్వు వెళ్ళాక పోశాడు. ఆ ఆయిల్‌తో బండి నడిపాడు. నీ వల్ల ఏమీ జరగలేదు."

విద్యకి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత నేల మీద కూర్చుండిపోయింది. ఆ ఆకుపచ్చ ఆయిల్‌లో వేలు ముంచి, వేలికేసి చూస్తూ, అప్పుడు ఏడ్చింది. వారం రోజుల ఏడుపు.

ఇంటి గరాజ్‌లో ఆ బకెట్ ఇంకా ఉందా అని జయంతి అడిగింది. ఉందని తల ఊపింది విద్య. ఆ రోజు నుంచి తను గరాజ్‌లోకి వెళ్ళలేదు. అమ్మ కూడా వెళ్ళలేదు.

"అందులో ఆయిల్ తగ్గి ఉంటుంది. అది మనకి రెండో సాక్ష్యం," అంది జయంతి.

రవికుమార్ కడ్డీని జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. "అయితే ఆ ఆయిల్ ఎక్కడికి పోయింది? లీకైందా?"

ఇద్దరూ మళ్ళీ ట్రక్ కిందికి దూరారు. గేర్ ఆయిల్ లీకైతే గాలికి చెదిరి అడుగుభాగమంతా చిమ్ముతుంది. ఎక్కడా ఆకుపచ్చ మరక లేదు. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళ చుట్టూ పొడి దుమ్ము. సిలికాన్ అతుకు తెగలేదని ఇందాకే చూశారు. ఇక మిగిలిన దారి ప్లగ్ ఒక్కటే. దాన్ని విప్పి, సన్నటి గొట్టం దింపి, చేతి పంపుతో లాగితే పావుగంటలో ఖాళీ అవుతుంది. కింద ఒక్క చుక్క పడదు. అలాంటి పంపు ప్రతి యాక్సిల్ ల్యాబ్‌లోనూ ఉంటుంది.

"సోమవారం గోపీనాథ్ ఆఫీసుకి వెళ్ళి ఇంటికొచ్చాడు," అంది జయంతి. "చక్రాల దాకా ఆయిల్ చేరింది అప్పుడే. అప్పటికి ఖాళీ చేసి ఉంటే సోమవారమే బిగుసుకునేది. రాత్రి బండి ఇంటి గరాజ్‌లో ఉంది, మంగళవారం పొద్దున మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాడు. మధ్యాహ్నం అక్కణ్ణించే లాన్సింగ్ బయల్దేరాడు. గేర్లకి అంటుకున్న తడితో ఇంత దూరం రాగలిగాడు. ఆయిల్ తీసింది ఆఫీస్ పార్కింగ్‌లో, పట్టపగలు."

"ఇది యాక్సిడెంట్ కాదు," అన్నాడు రవికుమార్. మూడు కేసుల్లో మొదటిసారి అతను ఆమె మాటకి ఎదురు చెప్పలేదు. ట్రక్ కింద నుంచి బయటికి వచ్చి, ఏదో తట్టినట్టు విద్య వైపు తిరిగాడు.

"విద్యా, నాకొకటి అర్థం కావట్లేదు. గురువారం నేను ప్లగ్ విప్పేదాకా డిఫరెన్షియల్ ఖాళీ అని ఎవరికీ తెలీదు. ఆ తర్వాత కూడా మా ఆఫీసులో తప్ప నేను ఎవరికీ చెప్పలేదు. ఆయిల్ లేదని నీకెలా తెలిసింది?"

విద్య కళ్ళు తుడుచుకుంది. "అంకుల్ చెప్పారు."

"ఏ అంకుల్?" అన్నాడతను. సమాధానం తెలిసే అడిగాడు.

"నరసింహం అంకుల్. సండే ఆయిల్ మార్చిన సంగతి డాడీ ఆఫీసులో చెప్పారట, ఆయిల్ నువ్వు పోశావా అని అడిగారు. లేదు, డాడీ పోశారనుకున్నాను అన్నాను. అంకుల్ తల పట్టుకున్నారు. మీ డాడీ నువ్వు పోశావనుకున్నాడమ్మా, డిఫరెన్షియల్‌లో ఒక్క చుక్క లేదు, అన్నారు. ఎవరికీ చెప్పొద్దు, పోలీసులు అడిగితే మాత్రం నిజం చెప్పు, చిన్నపిల్లవి, నిన్ను ఏమీ చెయ్యరు, అన్నారు."

"ఎప్పుడు చెప్పాడు?" జయంతి అడిగింది.

"మంగళవారం. హాస్పిటల్‌లో." ఆ మాట చెబుతుండగానే విద్యకీ అర్థమవుతోంది. "డాడీ ఇంకా ఆపరేషన్‌లోనే ఉన్నారు."

జయంతి హత్యలు చూసింది, అబద్ధాలు చూసింది. తండ్రి ఆపరేషన్ బల్ల మీద ఉండగా, చంపినవాడు బయట వరండాలో ఆ కూతురి పక్కన కూర్చుని, నువ్వే చంపావని ఆమెని నమ్మించడం ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల వారం రోజులుగా అతని కార్లో, అతని పక్కనే తిరుగుతోంది.

రవికుమార్ అప్పటికే ఫోన్ అందుకున్నాడు. షెరిఫ్ ఆఫీసు నంబరు తిప్పుతున్నాడు.

పక్క తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"విద్యా, అయిపోయిందా అమ్మా?" రేకు గోడ అవతల నుంచి నరసింహం గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది."

జయంతి పెదవుల మీద వేలు పెట్టుకుంది. విద్య ఆమెని చూడలేదు. లేచి తలుపు దాకా నడిచింది. చప్పుడు కాకుండా లోపలినుంచి గడియ పెట్టింది.

"ఫైవ్ మినిట్స్, అంకుల్," అంది. రోజూ మాట్లాడే గొంతుతోనే అంది.

ఆయన ఎంతసేపటినుంచి ఆ గోడ పక్కన నిలబడి ఉన్నాడో, ఏమేం విన్నాడో లోపల ఎవరికీ తెలీదు. తర్వాత కంకర మీద అడుగుల చప్పుడైంది. ఆ అడుగుల్లో తొందర లేదు. కారు తలుపు పడింది. ఇంజన్ మొదలైంది.

కారు యార్డ్ గేటు దాటి హైవే వైపు తిరగడం కిటికీ లోంచి ముగ్గురూ చూశారు. అది ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్ళే దారి. అక్కడ గరాజ్‌లో ఆ బకెట్ ఉంది, ఇంట్లో పద్మిని ఒక్కతే ఉంది.

ఫోన్లో షెరిఫ్ ఆఫీసు మనిషి అడ్రస్ అడుగుతున్నాడు. రవికుమార్ రిసీవర్ చేత్తో మూసి జయంతి వైపు చూశాడు. విద్య అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని తన ఇంటి అడ్రస్ చెప్పడం మొదలుపెట్టింది.